బ్యాడ్జీ వెనక బాల్యం: క్రైస్తవ బడుల్లో విద్యార్థి నాయకత్వంపై సమీక్ష

జూన్‌లో బడులు తెరిచి నెల తిరిగేసరికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ప్రైవేటు బడుల్లో, అందులోనూ మిషన్ బడుల్లో, ఒక వేడుక జరుగుతుంది. ఎర్ర, నీలి, పచ్చ, పసుపు హౌసుల కెప్టెన్లు వరుసగా నిలబడతారు. హెడ్ బాయ్, హెడ్ గర్ల్ భుజం మీదుగా పట్టీ వేసుకుంటారు. ముఖ్య అతిథిగా వచ్చిన ఎంఈఓగారో ఎస్సైగారో బ్యాడ్జీ పెడతారు. పిల్లలు చేయి చాచి ప్రమాణం చేస్తారు, అమ్మానాన్నలు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు. కొడకండ్ల లాంటి మండల కేంద్రంలో మగ్గం మీద బతికే ఇంటి బిడ్డకో, పత్తి చేను కౌలుకు పట్టిన రైతు కొడుక్కో ఆ బ్యాడ్జీ దొరికితే ఆ రోజు ఆ ఇంట్లో పండగే. ఆ సంతోషం నిజమైంది.

మర్నాటి నుంచి ఆ పిల్లలు చేసే పనేమిటన్నది మాత్రం ఎవరూ అడగరు. చాలాచోట్ల ఆ పని ఒకటే తీరుగా ఉంటుంది. టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. ప్రార్థనలో లైన్లు సరిచేయాలి. గోళ్లు, బూట్లు, టై తనిఖీ చేయాలి. ఇంగ్లీషు మీడియం బడైతే తెలుగులో మాట్లాడినవాళ్లను పట్టివ్వాలి. పెద్దవాళ్ల కన్ను ఒకటి పిల్లల మధ్యకు వచ్చి కూర్చున్నట్టే లెక్క. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్లకు పదకొండు మొదలు పద్నాలుగేళ్లుంటాయి. ఇంటికన్నా స్నేహితుల మాటే ఎక్కువ పట్టే వయసు అది. ఆ వయసులో ఒకరి చేత ఒకరి పేరు రాయిస్తుంటే రాసినవాళ్లకు తోడు పోతుంది, రాయించుకున్నవాళ్లకు మొహం చెల్లదు.

పిల్లల మనసు క్షేమం గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. నాయకత్వం గురించి ఎప్పటినుంచో మాట్లాడుతున్నారు. కానీ బడుల్లో ఈ రెండు మాటలూ కలవవు. నాయకత్వం వార్షికోత్సవం ఫైల్లో ఉంటుంది. క్షేమం గుర్తుకొచ్చేది ఏదైనా ఘోరం జరిగినప్పుడే. ఈ రెండింటినీ కలిపి చూడటానికే ఈ వ్యాసం. నేను చెప్పదలచుకున్నది ఇది: పిల్లల నాయకుడు టీచర్ల తరఫు కాపలాదారైతే తరగతి మనసు చెడుతుంది, తోటి పిల్లల తరఫున మాట్లాడే మనిషైతే బాగుపడుతుంది. క్రైస్తవ బడులకు రెండో దారి పట్టడానికి కావలసిన చరిత్ర ఉంది, విశ్వాసం ఉంది, చాలావరకు వనరులూ ఉన్నాయి. ఆ బడులు ఆ దారి పట్టకపోతే ఆ తప్పు మరెవరి మీదా వేయలేం.

ముందు ఈ బడులేమిటో చూద్దాం. ఈ జిల్లాల్లో క్రైస్తవ బడి అనగానే ఒకే రకం కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దం చివర్లో హనుమకొండకు వచ్చింది. జనగామలో ఆ మిషన్ పెట్టిన ప్రెస్టన్ బడి పేరు, ఇప్పుడు సభలు జరిగే మైదానం పేరుగా కూడా అందరికీ తెలుసు. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఆంగ్లికన్ల కేంద్రం, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక అందులో భాగం. కథోలికులకు వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది, ఆ వెనకే కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్ బడి లాంటివి వచ్చాయి. వీటితోపాటు ఇంకో రకముంది. ఏ సంఘానికీ సంబంధం లేకుండా, పేరులో మాత్రం ఒక సెయింటును పెట్టుకుని నడిచే ప్రైవేటు బడులు. తెలుగు ఊళ్లలో కాన్వెంటు అనే పేరుకున్న మర్యాద అలాంటిది. ఈ చివరి రకం బడులకు క్రైస్తవ విలువల గురించి చెప్పబోయే మాటలు వర్తించవు, పిల్లల గురించి చెప్పేవి మాత్రం అన్నీ వర్తిస్తాయి.

పిల్లల చేత పిల్లలను నడిపించే పద్ధతికి రెండు మూలాలున్నాయి, రెండూ చర్చి మనుషుల చేతుల మీదుగానే వచ్చాయి. 1789లో మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని చూసుకోవడానికి చేరిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన దగ్గరా అదే మొదలుపెట్టి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చదువు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి పేరుతో అది ఇంగ్లండు చర్చి బడులంతటా పాకింది. మన వీధి అరుగుల మీది చదువే అటు పోయి మానిటర్ రూపంలో తిరిగొచ్చిందన్నమాట. రెండో మూలం రగ్బీ బడి. 1828 నుంచి 1842 దాకా అక్కడ హెడ్మాస్టరుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్, పై తరగతి అబ్బాయిలకు కిందివాళ్ల మీద అజమాయిషీని, దండించే అధికారాన్ని గట్టిపరిచాడు. ప్రిఫెక్టు, హౌస్ కెప్టెన్, పట్టీలు, ప్రమాణాలు ఆ వైపు నుంచి వచ్చినవే. బెల్ దగ్గర పెద్ద పిల్ల చిన్న పిల్లకు అక్షరం చెప్పేది. ఆర్నాల్డ్ దగ్గర పెద్ద పిల్లవాడు చిన్నవాణ్ని అదుపులో పెట్టేవాడు. మన మిషన్ బడులకు రెండూ అందాయి, కాలక్రమంలో రెండోదే గట్టిగా నిలబడింది.

ఇంకో వారసత్వం మన పక్కనే ఉంది. తమిళనాడు దక్షిణ కొస నుంచి 1909లో డోర్నకల్ వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకలే ఆయన ఊరు. బిషప్పు కావడానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, మీ త్యాగాలకు కృతజ్ఞతలు గానీ మాకు కావలసింది మీ స్నేహమని పాశ్చాత్య మిషనరీలకు మొహమ్మీదే చెప్పి వచ్చిన మనిషి ఆయన. ఆయన సంఘంలోని జనం ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. చదువుకు, దేవాలయానికి దూరంగా ఉంచబడిన ఆ పల్లెల్లో సంఘాన్ని నడిపే భారం ఆ పల్లె పెద్దల మీదే పెట్టారు. ఉపదేశులు ఆ ప్రజల్లోంచే వచ్చారు. బడిలో చదువుతోపాటు చేతిపని, పొలంపని ఉండేవి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్‌లో గుమ్మటాలు, మన గుడి స్తంభాల తీరు కలిసి కనబడతాయి. నడిచేది మీరే, నేను మీ పక్కన ఉంటాను అన్నది అక్కడి పద్ధతి. విద్యార్థి నాయకత్వానికి నమూనా కోసం రగ్బీ దాకా పోవలసిన పని మన బడులకు లేదు.

మన ప్రభుత్వ బడుల్లోనూ మంచి అలవాట్లున్నాయి. స్వయం పరిపాలన దినోత్సవం చూడని తెలుగువాళ్లుండరు. ఆ రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని హెచ్ఎం కుర్చీలో కూర్చుంటుంది, ఇంకొకరు డీఈఓ, ఇంకొకరు అటెండరు. పాఠాలు చెబుతారు, సాయంత్రం బహుమతులుంటాయి. రోజూ ఉదయం ప్రార్థనలో చెప్పించే ప్రతిజ్ఞను రాసింది కూడా మనకు దగ్గరివాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తెలుగులో రాశారు, 1965 నుంచి అది దేశమంతటా పిల్లల నోట పలుకుతోంది. అలాంటి చోట పిల్లల పరిపాలన ఏడాదికి ఒక్క రోజు వేషంగా మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ రోజు హెచ్ఎంగా కూర్చున్న అమ్మాయిని, ఈ కుర్చీలో కూర్చుంటే నీకేం కనబడింది, ఏం మార్చాలనిపించింది అని అడిగి రాసుకునే బడులు ఎన్ని ఉంటాయి?

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది, భారత్ 1992లో అందులో చేరింది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలని దాని 12వ అధికరణం చెబుతుంది. స్వచ్ఛ విద్యాలయ కింద బాలల మంత్రివర్గాలు, ఆరోగ్య కార్యక్రమాల కింద తోటి పిల్లలకు చెప్పే పిల్లలు, స్కౌట్లు, జూనియర్ రెడ్‌క్రాస్, హరిత దళం, ఇలా కాగితం మీద మనకు కొరత లేదు. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో మొదలైనప్పుడు ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టమంది. కొరత ఉన్నదల్లా పిల్లలు చెప్పింది విన్నాక ఏదైనా మారుతుందన్న నమ్మకానికే.

పిల్లల నాయకత్వం నిజంగా వాళ్ల మనసుకు మేలు చేస్తుందా? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఎందుకంటే గట్టి ఆధారాలున్నాయి, అవి మన అలవాట్లకు ఎదురు నిలుస్తాయి.

మొదటిది మన దేశంలోనిదే. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, పదమూడు వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్‌లో వచ్చింది. బడులను మూడు భాగాలు చేశారు. కొన్నింటిలో బయటి నుంచి, డిగ్రీ చదివి కొద్దిపాటి శిక్షణ పొందిన ఒక కౌన్సెలరును పెట్టారు. కొన్నింటిలో అదే పని అక్కడి టీచరుకే అప్పజెప్పారు. మిగతావి ఎప్పటిలా నడిచాయి. కౌన్సెలరు చేసిందంతా పెద్ద విద్య కాదు. పిల్లలు మనసులో మాట రాసి వేసే పెట్టె, నెలనెలా గోడ పత్రిక, ఒక్కో తరగతి నుంచి కొందరు పిల్లల బృందం, బెదిరింపుల మీద బడి విధానం, కావలసినవాళ్లకు విడిగా మాట్లాడే సమయం. ఎనిమిది నెలల్లో ఆ బడుల్లో దిగులు తగ్గింది, ఏడిపించడం తగ్గింది, బడి వాతావరణం మీద పిల్లల అభిప్రాయం బాగా మెరుగైంది. టీచరుకు అప్పజెప్పిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. టీచర్లకు చేతకాదని దీని అర్థం కాదు. సిలబసు పూర్తిచేయాల్సిన మనిషి, మార్కులు వేసే మనిషి, తప్పుకు శిక్షించే మనిషి ఒక్కరే అయినప్పుడు పిల్ల ఆ మనిషి ముందు మనసు విప్పదు.

రెండోది అమెరికాలోని న్యూజెర్సీలో 56 మిడిల్ స్కూళ్లలో జరిగింది, 2016లో వచ్చింది. సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న వయసు పిల్లలే. అక్కడ నాయకులను టీచర్లు ఎంచలేదు. నువ్వు ఎవరితో ఎక్కువగా గడుపుతావని ప్రతి పిల్లనూ అడిగారు. సగం బడుల్లో చీటీ తీసినట్టుగా కొంతమంది పిల్లలను ఎంచి, మీ బడిలో గొడవలు, ఏడిపించడం ఎక్కడ ఎలా జరుగుతున్నాయో మీరే చెప్పండి, దానికి ఏం చేయాలో మీరే ఆలోచించండి అన్నారు. వాళ్లు పోస్టర్లు వేశారు, మంచి పని చేసినవాళ్లకు చేతి పట్టీలు ఇచ్చారు. ఆ బడుల్లో గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు దాదాపు 30 శాతం తగ్గాయి. ఎక్కువమంది తోటి పిల్లల చూపు ఎవరి మీద ఉంటుందో, అలాంటి పిల్లలు బృందంలో ఎక్కువగా ఉన్నచోట ఫలితం ఇంకా బాగుంది. ఆ పిల్లలు క్లాస్ ఫస్టులే కానక్కర్లేదు. వెనక బెంచీ నుంచి అందరినీ నవ్వించే పిల్లవాడు కావచ్చు, కబడ్డీ ఆడే అమ్మాయి కావచ్చు. మన బడులు హెడ్ బాయ్‌ని ఎంచే తీరుకు ఇది పూర్తిగా తలకిందులు.

యూరప్‌లోని 10 దేశాల్లో, 168 బడుల్లో పదకొండు వేల మందికి పైగా పిల్లలతో చేసిన మరో అధ్యయనం 2015లో వచ్చింది. టీచర్లకు ఇచ్చిన శిక్షణ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలే పాత్రలు వేసుకుని తమ సమస్యలను మాట్లాడుకునే పద్ధతిలో మాత్రం, ఎప్పటిలా నడిచిన బడులతో పోలిస్తే, ఆత్మహత్యా ప్రయత్నాలు ఏడాది తర్వాత దాదాపు సగానికి తగ్గాయి. అలాగని ప్రతి కొత్త కార్యక్రమమూ పనిచేయదు. బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలకు ధ్యానం తరహా పాఠాలు చెప్పి చూస్తే ప్రత్యేకంగా మేలేమీ కనబడలేదని 2022లో తేలింది. పాఠంగా చెబితే క్షేమం రాదని నాకు దీన్నుంచి అర్థమైంది. వారానికో వ్యాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్ పెట్టి చేతులు దులుపుకునే బడులు ఈ ఒక్క ఫలితమైనా చదవాలి.

ఇక చట్టం. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో పెట్టుకోవాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం. మన ఊళ్లలో ఎ సెక్షన్ చదివేవాళ్లకు, బి సెక్షన్ మిగిలినవాళ్లకు అని నడుపుతున్న బడులకు ఈ మాట ఎంతవరకు చేరిందో నాకు సందేహమే.

దండన విషయంలో మైనారిటీ బడులకు ఒక చిక్కుంది, దాన్ని దాచకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2014 మేలో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదంది. 2025 సెప్టెంబరులో ఆ తీర్పు మీదే సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనానికి నివేదించే విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. అంతమాత్రాన క్రైస్తవ బడిలో బెత్తానికి తలుపు తెరిచినట్టు కాదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002లోనే బడుల్లో శారీరక దండనను నిషేధించింది, పిల్లల పట్ల క్రూరత్వం బాలల న్యాయ చట్టం కింద నేరం. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛ పిల్లలను ఇంకా బాగా చూసుకోవడానికి ఇచ్చిందని నమ్మే బడి, చట్టం బలవంతపెట్టకముందే ముందుకు రావాలి.

మతం మాట తప్పించుకుని ఈ చర్చ పూర్తికాదు. ఈ బడుల్లో పిల్లల్లో ఎక్కువమంది హిందువులు, కొందరు ముస్లింలు, లంబాడా తండాల నుంచి వచ్చేవాళ్లు. బతుకమ్మ ఆడి, మేడారం జాతరకు పోయి వచ్చే పిల్లలు. వాళ్లలో ఒకరు హెడ్ గర్ల్ అయితే అసెంబ్లీలో బైబిల్ వాక్యం చదవడం ఆమె విధుల్లో ఉండాలా? రాజ్యాంగం 28వ అధికరణం మూడో భాగం స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో ఇష్టం లేకుండా, మైనరైతే తల్లిదండ్రుల అనుమతి లేకుండా, మత బోధనలో పాల్గొనమనకూడదు. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య కూడా 2024లో తమ బడులకు ఇచ్చిన సూచనల్లో ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమని, అన్ని మతాలవారికీ పనికొచ్చే ప్రార్థన గది ఒకటి పెట్టమని చెప్పింది. నాయకత్వానికి బాప్తిస్మం అర్హత కాదని చెబితే చాలదు, నాయకురాలి పనుల జాబితా చూసినా ఆ మాట నిజమని తెలియాలి.

అలాగని ఈ బడి తన విశ్వాసాన్ని దాచుకోవాలని నేను అనను. పవిత్ర గురువారం రోజున గురువు పన్నెండు మంది కాళ్లు కడగడం ఈ పిల్లలు చూస్తారు. పెద్దవాడు వంగి చిన్నవాడి కాళ్లు కడగడం కన్నా పట్టీలు, బ్యాడ్జీల వేడుకకు గట్టి జవాబు నాకు తెలియదు. బెల్జియం పాదిరి జోసెఫ్ కార్డిన్ 1925లో మొదలుపెట్టిన యువ కార్మికుల ఉద్యమం నుంచి వచ్చిన మూడు మెట్ల పద్ధతి, చూడు, ఆలోచించి తేల్చుకో, చేయి, కథోలిక విద్యార్థి బృందాలకు బాగా తెలిసిందే. ఏ మతం పిల్లయినా దాన్ని వాడుకోవచ్చు. తరగతిలో ఎవరు ఒంటరిగా అన్నం తింటున్నారో చూడడం, ఎందుకో ఆలోచించడం, మర్నాడు పక్కన కూర్చోవడం. అంతకన్నా పెద్ద పథకం ఏడో తరగతికి అక్కర్లేదు.

ఎవరు నాయకులవుతున్నారన్నది ఇంకో ప్రశ్న. ఇంగ్లీషు గడగడా మాట్లాడే, ఫీజు సకాలంలో కట్టే, ఊళ్లో పలుకుబడి ఉన్న ఇంటి పిల్లలకే బ్యాడ్జీలు ఎక్కువగా పోతాయి. ఎన్నికలు పెట్టే బడులూ ఉన్నాయి. ఫోన్‌నే ఓటింగ్ మిషన్‌గా పెట్టి, వేలికి సిరా పూసి, పిల్లలు ఎంతో ఉత్సాహంగా ఓటేస్తారు. అది మంచిదే, కానీ చాక్లెట్లు పంచడం, వాడ పేరు చెప్పి ఓట్లడగడం పెద్దవాళ్ల నుంచి పిల్లలకు ఇట్టే అంటుకుంటాయి. వలస కుటుంబాల పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. ఈ ప్రాంతం నుంచి చేనేత కుటుంబాలు సూరత్, భివండీ దాకా పోయాయి. కొందరు పిల్లలు అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటారు. పత్తి ఏరే రోజుల్లో హాజరు తగ్గుతుంది. ఆ పిల్లలే దిగులుకు ఎక్కువ దగ్గరగా ఉంటారు, నాయకుల జాబితాలో వాళ్లే ఉండరు. ఫీజు బాకీ ఉందని తరగతి బయట నిలబెట్టిన పిల్లకు అదే బడిలో నాయకత్వం గురించి చెప్పడానికి మనకు నోరెలా వస్తుంది?

పేదింటి పిల్లలు నాయకులు కాలేరన్న మాట అబద్ధమని మన గురుకులాలు నిరూపించాయి. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆ బాటలోనే, 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆ విజయం ఎంత గొప్పదో, హాస్టల్లో జ్వరంతో పడుకున్న పిల్ల వార్డెన్‌ను లేపడానికి భయపడకుండా ఉండడం కూడా అంతే ముఖ్యం. శిఖరాల కథలు చెప్పేటప్పుడు ఈ రెండోది జారిపోకూడదు.

నాయకులైన పిల్లల మనసు గురించి ఎవరూ మాట్లాడరు. టీచరుకు, తోటివాళ్లకు మధ్య ఇరుక్కునేది వాళ్లే. పేరు రాస్తే స్నేహం పోతుంది, రాయకపోతే టీచరు కోపం. తోటివాళ్లను కనిపెట్టుకునే బృందాలు పెడితే ఇంకో బరువు వచ్చిపడుతుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని ఒక స్నేహితురాలు చనిపోవాలనుందనో, ఇంట్లో ఒకాయన తనను తాకుతున్నాడనో చెబితే పన్నెండేళ్ల పిల్ల ఏం చేస్తుంది? ఆ ఒట్టు నిలబెట్టుకోనక్కర్లేదని ఆమెకు ముందే నేర్పాలి. ప్రాణానికి, ఒంటికి ముప్పు ఉన్న మాటను అదే రోజు ఫలానా పెద్దమనిషికి చెప్పాలని, చెప్పాక ఆ భారం తనది కాదని ఆమెకు తెలియాలి. ఆ పెద్దమనిషికి కూడా చట్టం తెలిసుండాలి. లైంగిక వేధింపు సంగతి తెలిసి పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం, సంస్థ అధిపతికి శిక్ష ఇంకా ఎక్కువ. బడి పేరు పోతుందనో, చర్చి పేరు పోతుందనో లోలోపల సర్దుబాటు చేయడానికి ఏ ఫాదర్‌కూ, ఏ పాస్టర్‌కూ, ఏ కరస్పాండెంటుకూ హక్కు లేదు. బాలల సహాయవాణి 1098, మానసిక ఆరోగ్యానికి కేంద్రం 2022లో తెచ్చిన టెలి మానస్ 14416, ఈ రెండు నంబర్లూ ప్రతి తరగతి గోడ మీద, హాస్టలుంటే ప్రతి గదిలో ఉండాలి. ఫోన్ చేసుకోవడానికి వీలుండాలి కూడా.

కౌన్సెలరును పెట్టే స్తోమత మండల స్థాయి బడికి ఎక్కడిదని యాజమాన్యాలు అడుగుతాయి. ప్రశ్న న్యాయమైనదే. కానీ మేత్రాసనాలకు, డయాసిస్‌లకు ఒక్క బడి లెక్కన ఆలోచించాల్సిన పని లేదు. నాలుగైదు బడులకు కలిపి ఒకరిని పెట్టుకుని, వారానికో రోజు ఒక్కో బడిలో ఉండేలా చేయవచ్చు. నలందలో పనిచేసినవాళ్లు పెద్ద డిగ్రీల నిపుణులు కాకపోయినా, సుప్రీంకోర్టు చెప్పిన అర్హత ఉన్నవాళ్లు హనుమకొండలో, ఖమ్మంలో సామాజిక సేవ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న యువతీయువకుల్లో దొరుకుతారు. ఆ మనిషి క్రమశిక్షణ కమిటీలో ఉండకూడదు, మార్కులు వేయకూడదు, ప్రార్థన చేయించకూడదు. సిస్టర్ దగ్గర ఓదార్పు దొరికే పిల్లలకు అది అలాగే ఉండనివ్వండి. పాపసంకీర్తనం వేరు, కౌన్సెలింగు వేరు.

పిల్లల సభ విషయంలో నాకు తోచిన తీరు చెబుతాను. తరగతికి ఇద్దరు చొప్పున, ఒకరిని పిల్లలు రహస్య ఓటుతో, ఒకరిని చీటీ వేసి ఎంచాలి. చీటీ వల్ల ఎవరూ గమనించని పిల్ల కూడా ఒకరోజు ఆ గదిలో కూర్చుంటుంది. ఏడాదికి కాకుండా టర్ముకు మారాలి. పేర్లు రాయడం, తనిఖీలు, పట్టివ్వడం వాళ్ల పనుల్లోంచి పూర్తిగా తీసేయాలి. నెలకోసారి హెచ్ఎంతో కూర్చుని మాట్లాడడం, రాతపెట్టెలో వచ్చినవి చదవడం, కొత్తగా చేరిన పిల్లకు వారం రోజులు తోడుండడం వాళ్ల పని. పెట్టె తాళం మాత్రం కౌన్సెలరు దగ్గరుండాలి. ఎవరి మీదనైనా గట్టి ఆరోపణ ఉంటే అది పిల్లల చేతికి రాకూడదు.

మొదటి సమావేశంలో వచ్చే మాట ఏమిటో ముందే చెప్పవచ్చు. ఏ ఆదర్శాల గురించో కాదు. "సార్, బాత్రూంల నీళ్లు వస్తలేవు." ఏడో తరగతి అమ్మాయిలు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఎందుకుంటున్నారో ఆ ఒక్క మాటలో ఉంటుంది, నెలలో మూడు రోజులు బడి ఎందుకు మానేస్తున్నారో కూడా. ఈ చుట్టుపక్కల పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విస్నూరు దొరకు ఎదురు నిలిచింది, కడవెండిలో అదే పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. అలాంటి నేల మీద పదమూడేళ్ల పిల్ల హెచ్ఎం గదిలో ఈ మాట అనడానికి వణకకూడదు. అన్నాక కుళాయి వారంలో బాగయితే వచ్చే నెల ఆమె ఇంకో మాట తెస్తుంది, సిగ్గుపడే ఇంకో పిల్లను వెంట తీసుకొస్తుంది. బాగుకాకపోతే ఆ పెట్టెలో చీటీలు పడటం రెండో నెలకే ఆగిపోతుంది.